ఏ రాజమల్లును ఇడిసిండ్రు

హనుమకొండ
18 జనవరి 1984

కోడలు పిల్ల శకుంతలకు,

నీ మేనమామ వెంకట్రాజం రాసేది. అందరు బాగున్నరా అని మొదాలు అడుగుడు ఉత్తరాల రివాజు. నువ్వు పోయి పదిహేను రోజులు గాలేదు, గింతల్నే బాగుండక ఏమైతవ్? అందుకే ఆ ముచ్చట ఇడిసిపెట్టిన.

నీ ఉత్తరం మీ అమ్మకు సదివి ఇనిపిచ్చిన. నడుమల నాలుగు మాటలు నేను కలిపిన. లండన్ల చలికి ఆడోళ్ళు ముక్కు మీద ఉన్ని టోపి తొడుక్కుంటరని రాసినవని చెప్పిన. అక్క అప్పటిసంది నీ ముక్కుకు అల్లుతనే ఉన్నది. పార్శిల్ వస్తె నన్ను తిట్టకు, తొడుక్కో.

చౌరస్తల మన సైకిల్ దుకాణం ముంగట అందరు అడుగుతాండ్రు, వకీలమ్మ లండన్ ఎందుకు పోయిందని. లోకంల సర్కార్లను నిలదీసేటోళ్ళను దేశదేశాల నుంచి పిలిచి, ఒక్క ఇంట్ల కూసోబెట్టి, నిలదీసుడు ఎట్లనో నాలుగు నెలలు నేర్పుతరట అని చెప్పిన. హోటల్ కిషన్ రావు నవ్విండు. కొట్లాట నేర్సుకునేదానికి గంత దూరం ఎందుకు, మన గల్లీ నల్లా కాడ రెండు పొద్దులు నిలబడితె సాలదా అన్నడు. నాకు గూడ గట్లనే అనిపిచ్చింది, నీతోని అనద్దని ఊకున్న. ఇప్పుడు రాసిన.

ఇగ అసలు సంగతి. నిన్న ఎర్రకుంట నుంచి పూలమ్మ వచ్చింది. నువ్వు పోయినేడు ఆ ఊళ్ళె మీటింగు పెట్టి, కష్టమొస్తె నా దగ్గరికి రాండ్రి అని చెప్పి వచ్చినవ్. కష్టమొచ్చింది, ఆమె వచ్చింది, నువ్వు లేవు. ఆమె పెనిమిటి రాజమల్లు దొర దగ్గర జీతగాడు. వాళ్ళ తాత కాలం నుంచి ఆ ఇంటికే ఎట్టిచాకిరి. ఈ నెల మొదట్ల ఊరి జీతగాళ్ళందరిని పోగేసి, సంక్రాంతిసంది ఎవ్వరం దొర పనికి పోవద్దన్నడట. ఇగ ఇద్దరు పోలీసు జవాన్లు వచ్చి బాయికాడి నుంచి పట్టుకపోయిండ్రు. ఎర్రకుంట ఠాణల అడిగితె గా మనిషిని మేం తేనే లేదంటాండ్రు. కోర్టుకు తేలే. జైలుకు తోల్లే.

మీ సీనియర్ వకీలును కలిసిన. హైకోర్టుల దరఖాస్తు ఎయ్యచ్చు గని, లోపట ఉన్నడని ఒక్కడన్న చెప్పాలె గద అన్నడు.

పూలమ్మ దుకాణంల గాలిపంపు పక్కన కూసున్నది. చాయ్ ఇస్తె తాగలే. వకీలమ్మ ఎప్పుడొస్తదని అడిగింది. మే నెలల అన్న. లేసి నిలబడి, "అప్పటిదాంక ఉంచుతరా ఆయన్ను?" అన్నది.

ఆమెకేం చెప్పాలెనో నువ్వు చెప్పు.

పంచర్లు ఏసే నీ మామ,
వెంకట్రాజం


లండన్
29 జనవరి 1984

మామా,

ముక్కు టోపి అల్లడం ఆపమని అమ్మకు చెప్పు. నువ్వు చెప్పవు గనుక ఆమెకు వేరే కార్డు రాసిన.

పూలమ్మ సంగతి చదివినప్పటి నుంచి నాకు కాలు నిలుస్తలేదు. ఇక్కడ ఇరవై మందిమి ఉన్నం. ఫిలిప్పీన్స్ నుంచి ఒక ఫాదరు, కెన్యా నుంచి ఒక టీచరు, ఇట్ల. నా గదిలో చిలీ దేశం ఆమె, పేరు ఎలెనా. పదేండ్ల కింద ఆమె తమ్ముడిని సిపాయిలు ఇంట్లకెల్లి తీసుకపోయిండ్రు. మేం తీసుకపోలేదు అనే వాళ్ళూ చెప్పిండ్రట. పూలమ్మ మాట చెప్తే ఆమె చేస్తున్న పని ఆపి, ఇంకోసారి చెప్పు అన్నది.

మాకు నేర్పేదేమిటో చెప్తా, కిషన్ రావు మామకు కూడ చెప్పు. అరవడం నేర్పరు. రాయడం నేర్పుతరు. ఎవరిని, ఎక్కడి నుంచి, ఏనాడు తీసుకపోయిండ్రు, ఎవరు చూసిండ్రు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు. 'పాపం' వద్దు, 'దుర్మార్గులు' వద్దు. ఊళ్ళె పిలిచే వెక్కిరింత పేర్లు అసలే వద్దు. పేరు, తండ్రి పేరు, ఊరు, గంతే. అట్ల రాసి పంపితే నా కేసుగా క్లాసుల పెడుత. ఇరవై మందిమి ఆ ఠాణాకు, పై ఆఫీసర్లకు తంతులు, ఉత్తరాలు పంపుతం. మనిషి లోపల ఉన్నడని దూరాన ఎవరికో తెలుసు అని వాళ్ళకు తెలిస్తే, చంపడానికి చెయ్యి వెనకాడుతదట.

ఒక్కటే మాట, మామా. నీ నోట్ల ఒక్క అబద్ధం కలిసినా మేం రాసిన నిజాలన్నీ పోతయ్. మా తమ్ముడు బొంబాయిల నౌకరిల చేరిన వారానికే 'తల్లి సీరియస్' అని తంతి కొట్టినవ్. వాడు ఏడ్చుకుంట ఇంటికొస్తే అమ్మ మామిడికాయ తొక్కు దంచుతున్నది. అసొంటివి వద్దు.

తొందరగా రాయి.

శకుంతల


హనుమకొండ
20 ఫిబ్రవరి 1984

కోడలా,

ఆలిశమైంది. ఊరు ఊరంత మేడారం జాతరకు పోయింది, జవాన్లు బందోబస్తుకు పోయిండ్రు, ఠాణలు ఖాళీ. నేను మాత్రం పోలే. పూలమ్మ పోకుంటె నాకు పోబుద్ధి గాలే.

నువ్వు చెప్పినట్టె రాస్తాన్న. పేరు రాజమల్లు. తండ్రి మొగిలయ్య. ఊరు ఎర్రకుంట. తీసుకపోయింది జనవరి తొమ్మిది, పొద్దున, దొర బాయికాడి నుంచి. సూసినోళ్ళు పెండ్లాం పూలమ్మ, కలుపుకు వచ్చిన సమ్మమ్మ. ఇద్దరిని ఏరేరుగ కూసోబెట్టి అడిగిన, ఇద్దరు ఒక్క తీర్గనే చెప్పిండ్రు. వెక్కిరింత పేరు ఒకటున్నది గని రాయలే. బుద్ధి తెలిసినంక నేను ఒకళ్ళ మాట ఇన్నది ఇదే మొదాలు, రాసి పెట్టుకో.

ఇంకొకటి. ఎర్రకుంట ఠాణ జవాను పోశయ్య మన దగ్గరనే సైకిలు బాగు చేపిచ్చుకుంటడు. చైను పడ్డదని వచ్చిండు. చైను ఎక్కిచ్చుడు నిమిషం పని, నేను చక్రం మొత్తం ఇప్పి గంట సేపు కూసోబెట్టిన. నడుమల మెల్లగ అడిగిన. ఎనుక అర్రల ఒకడున్నడన్నడు. పేరు ఏ కితాబుల లేదన్నడు. లేసి నిలబడలేడన్నడు. నా పేరు బయటికి రావద్దని నా చేతులు పట్టుకున్నడు. ఈ మాట ఇన్నది, సూసింది గాదు. అట్లనే రాసుకో.

దొర మీసాల గురించి కూడ ఒక పేజీ రాసిన, సదువుకోనన్న నవ్వుకో.

నిజాలు మాట్లాడి నోరు చేదైన
మామ


లండన్
5 మార్చి 1984

మామా,

ఉత్తరాలు, తంతులు పోయినయ్. నిన్న పొద్దంత అందరం కూసొని రాసినం. పోశయ్య పేరు పెట్టలేదు, మీసాల పేజీ పెట్టలేదు. ఫాదరు మీసాల పేజీ నాతోటి మూడు సార్లు చెప్పించుకున్నడు, అది వేరే సంగతి. ఎలెనా తన ఉత్తరం కింద 'నేను జవాబు కోసం ఎదురు చూస్తా' అని రాసింది. అందరూ రాసేదే, కానీ ఆమె అదే మాట పదేండ్లుగ రాస్తున్నది.

పూలమ్మకు చెప్పు.

శకుంతల


తంతి
హనుమకొండ, 21 మార్చి 1984

రాజమల్లు విడుదల. నీ దోస్తులందరికి దండాలు. మామ.


హనుమకొండ
24 మార్చి 1984

శకుంతలా,

నేను కొట్టిన తంతి తప్పు. ముందుగాల అది చెప్పి మిగతాది రాస్త.

మీ ఉత్తరాలు ఎర్రకుంటకు వచ్చుడు మొదలైనంక ఆ ఠాణ ఠాణ లెక్క లేదు. పోస్టుమేను దినాం సంచి మోసుకపోతాండు. రంగురంగుల స్టాంపులు చింపి ఇయ్యుమని బడిపోరగాళ్ళు గేటు కాడ కావలి. పై ఆఫీసర్లు ఫోన్ చేసి, మీ ఊరి రాజమల్లు కెన్యాల ఎవలికేమైతడయ్యా అని ఎస్సైని అడిగిండ్రట. మూడు రోజుల కింద పొద్దుగాల పోశయ్య వచ్చి, రాజమల్లును ఇడిసిండ్రు అన్నడు. నేను ఇంకో ముక్క ఇనలే. తంతి ఆఫీసుకు ఉరికిన. ఆన్నుంచి పూలదండ కొనుక్కోని బస్సెక్కిన.

ఎర్రకుంటల దిగినంక సూస్తె, ఠాణ ముంగట మెట్ల మీద కల్లు రాజమల్లు కూసోని బీడి తాగుతాండు.

ఎర్రకుంట సంగతి నీకు తెల్వది, నాకు తెలిసి గూడ బుర్రకు తట్టలే. ఆ ఊళ్ళె సగం మంది ఐలోని మల్లన్నకు మొక్కుతరు, పెద్దకొడుక్కు రాజమల్లు తప్ప పేరు పెట్టరు. ఏడుగురు రాజమల్లులు ఉన్నరు. అయ్యల పేర్లు గూడ కలుస్తయ్. అందుకే ఊళ్ళె ఒక్కొక్కనికి ముంగట ఒక మాట తగిలిస్తరు. మేకల రాజమల్లు, చెవిటి రాజమల్లు, బండి రాజమల్లు, గిట్ల. మనోడు దొర బాయి మీద మోట కొడుతడు గనుక మోట రాజమల్లు. కల్లు రాజమల్లుది గూడ ఎర్రకుంటనే, వాని అయ్య గూడ మొగిలయ్యనే. కల్లు దుకాణం కాడ ఒకని తలకాయ మీద కుండ పగులగొట్టినందుకు అంతకు నాలుగు రోజుల ముందు లోపటేసిండ్రు. మీరు రాజమల్లు, మొగిలయ్య కొడుకు, ఎర్రకుంట అని అడిగిండ్రు. ఎస్సై ఇచ్చిండు. ఎరుకలేక ఇచ్చిండో ఎరుకయ్యే ఇచ్చిండో నేను చెప్ప, నువ్వు ఇన్నది సూసింది ఏరు చేసి రాయమంటివి.

కల్లు రాజమల్లు దండ ఏపిచ్చుకున్నడు. లండనోళ్ళు నన్ను ఎట్ల ఎరుగుదురు అని అడిగిండు. ఆని ఎనుక పూలమ్మ నిలబడ్డది. కొత్త చీర కట్టుకోని వచ్చింది. ఆమె దండ దిక్కు, నా దిక్కు సూసి ఇంటి తొవ్వ పట్టింది. ఏమన్న అంటె బాగుండు.

మోట రాజమల్లు ఇంకా ఎనుక అర్రలనే ఉన్నడు. మళ్ళ రాయుండ్రి. జల్ది.

వెంకట్రాజం


లండన్
4 ఏప్రిల్ 1984

మామా,

నీ తంతి వచ్చిన రోజు ఇక్కడ ఏమైందో నీకు తెలియదు. ఫాదరు గట్టిగ పాడిండు. ఎలెనా నన్ను పట్టుకొని చాలా సేపు ఇడువలేదు. పదేండ్లల ఆమె తమ్ముని కోసం రాసిన ఒక్క దానికి జవాబు లేదు. ఎక్కడో ఒకడు ఇంటికి చేరిండు గద, చాలు అన్నది. మా పెద్ద టీచరమ్మ ఈ కేసును వచ్చే ఏడు వచ్చేటోళ్ళకు పాఠంగ పెడుతా అన్నది. ఎస్సై కూడ పై ఆఫీసర్ల ద్వారా జవాబు పంపిండు, మీరు చెప్పిన వ్యక్తిని విడుదల చేసినం అని.

ఇయ్యాల నీ ఉత్తరం వచ్చింది. ఏడుగురు రాజమల్లులు, కుండ పగులగొట్టినోడు, మెడల దండ. మామా, నీ కథలు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వు పెడుతవ్. చెవిటి రాజమల్లు దగ్గరనే నాకు నమ్మకం పోయింది. ఇది మంచిగ లేదు. పూలమ్మ కొత్త చీరను కూడ నీ పరాచికంల ఈడ్చినవ్.

ఒక్కసారన్న నన్ను నా పని చేసుకోనియ్యి.

శకుంతల


హనుమకొండ
15 ఏప్రిల్ 1984

శకుంతలా,

నీ ఉత్తరం కిషన్ రావుకు సదివి ఇనిపిచ్చిన, నా మీద జాలి పడుతడని. నీకు గట్లనే గావాలె అన్నడు. నలభై ఆరేండ్లు అందరిని ఆట పట్టిచ్చి తిరిగినవ్, ఇయ్యాల నీ మాట ఎవలు నమ్ముతరు అన్నడు. నాకు దుకాణంల కూసోబుద్ధి గాలే. నడి ఎండల ఉత్తగనే సైకిలు ఎక్కి హంటర్ రోడ్డు పొంటి పోయిన, వచ్చిన, మళ్ళ పోయిన.

నా మాట నమ్మకు. కింద ఉన్నది నా చేతిరాత గని నా మాట గాదు. పూలమ్మ చెప్పంగ రాసిన, ఒక్క ముక్క కలపలే. మీ సీనియర్ పక్కన కూసోని, ఆమె చెప్పిందే రాసిన అని సంతకం పెట్టిండు.

'వకీలమ్మా, నేను పూలమ్మను. నా మొగడు రాలేదు. వచ్చినోడు కల్లు రాజమల్లు. నిన్న అన్నం సద్ది తీసుకపోతె జవాను తీసుకున్నడు, గిన్నె ఖాళీగ తెచ్చిచ్చిండు. అంటే ఉన్నడు. నీ చిలీ దోస్తు సంగతి మీ మామ చెప్పిండు, ఆమెకు ఒక మాట చెప్పు. ఆమె తమ్మున్ని ఇంట్ల ఏమని పిలిచేటోళ్ళో అది గూడ రాయుమను. లేకపోతె ఇంకొకన్ని ఇడుస్తరు.'

ఏలిముద్ర ఆమెదే.

నువ్వు నమ్మి, మీరు రాసి, అది వచ్చేటాళ్ళకు మే నెల సగమైతది. అందాక ఆగితె ఏమైతదో పోశయ్య మొఖం సూస్తె తెలుస్తాంది. వాడు ఇప్పుడు సైకిలు చెడిపోయినా మన దిక్కు వస్తలేడు. నాకొకటి తోస్తాంది. అండ్ల అబద్ధం లేదు. ఒక్కటి గూడ లేదు, అన్ని తీర్ల ఎతికి సూసిన.

మామ


లండన్
26 ఏప్రిల్ 1984

మామా,

పూలమ్మ మాట ఎలెనాకు చదివి వినిపించిన. ఆమె కుర్చిల నుంచి లేసి, కాయితం తీసుకొని, తమ్ముని పేరు పక్కన ఇంకొక పేరు రాసింది. చిన్నప్పుడు చెవులు పెద్దగ ఉంటయని ఇంట్ల పెట్టిన పేరట. పదేండ్లు అది రాయాలని ఎవ్వరికి తోచలేదు.

నీకు ఏం రాయాలో తెలుస్తలేదు. వెక్కిరింత పేర్లు వద్దన్నది నేను. మూడు వారాలు నేనే ఆయన్ని లోపల ఉంచిన. పొద్దున లేసి టీచరమ్మకు, అందరికి చెప్పిన, మనం గెలిచింది అబద్ధం అని. ఎవ్వరూ తిట్టలేదు, అదే కష్టమైంది. 'మోట రాజమల్లు' అని పేరు పెట్టి మళ్ళీ తంతులు పంపుతున్నం. సగం మంది అప్పుడే సామాన్లు కట్టుకున్నరు. కెన్యా టీచరు స్టేషనుకు పోయే ముందు సంతకం పెట్టిపోయింది. ఆమె దేశంల ఆమె కోసం ఎవరు ఎదురు చూస్తున్నరో ఆమెకే తెలియదు.

నీకు తోచిందేమిటో నాకు తెలియదు, భయం అయితున్నది. ఠాణా దిక్కు పోకు. ఇంకెవ్వరినీ తోలకు. నేను వచ్చేదాక ఆగు, బతిమాలుతున్న.

శకుంతల


హనుమకొండ
29 ఏప్రిల్ 1984

కోడలా,

నువ్వు నమ్మినవో లేదో ఇంకా తెల్వది. అయిన సంగతి రాస్తాన్న. మొదాలు నాకు వచ్చిన ఆలోచన చెప్తె నువ్వు తిడుతవ్. లండన్ నుంచి దొరసాని ఫొటో తియ్యనీకి వస్తాంది, ఆ మనిషిని తయారు పెట్టుండ్రి అని ఎస్సైకి ఖబరు పంపుదామనుకున్న. నోటిదాంక వచ్చింది. నీ మాట యాదికొచ్చి మింగిన.

కల్లు రాజమల్లు దగ్గరికి పోయిన. వాడు తాగి లేడు. ఇడుదలైనసంది తాగుతలేడట. "మామా, ఆనికొచ్చిన ఇడుదల నేను తిన్న, కల్లు దిగుతలేదు" అన్నడు. వాడే మిగిలినోళ్ళ ఇండ్లు తిరిగిండు. మేకల రాజమల్లు రెండు రోజులు రానన్నడు. వాని పెండ్లాం సారలమ్మ, నువ్వు రాకుంటె నేను పోయి ఎవల పెండ్లాన్నని చెప్పాలె అని అడిగేసరికి ఒప్పుకున్నడు.

అంగడి రోజు సూసుకున్నం, జనం ఉంటరని. ఆరుగురు రాజమల్లులు, ఆరుగురి పెండ్లాలు, సంకల పిల్లలు. ఠాణ ముంగట వరుసగ నిలబడ్డరు, ఒక్కొక్క రాజమల్లు, వాని పక్కన వాని పెండ్లాం. నేను వాళ్ళ ఎనుక నిలబడ్డ. ఎస్సై బయటికి వచ్చిండు. కల్లు రాజమల్లు దండం పెట్టి, సారూ, రాజమల్లును ఇడిసినమని మీరు దేశదేశాలకు జవాబు రాసిండ్రట, మేమందరం రాజమల్లులమే, మా అందరిల ఎవలను ఇడిసిండ్రో ఒక కాయితం మీద రాసియ్యుండ్రి అన్నడు. ఎస్సై తిట్టిండు. జవాను లాఠి ఎత్తిండు. అంగడి మొత్తం అటు తిరిగింది. చెవిటి రాజమల్లుకు తిట్లు ఇనపడలే, వాడు నవ్వుకుంట, నా పేరు గూడ రాజమల్లే సారూ అన్నడు. పిల్లలు గూడ మా నాయిన రాజమల్లు అన్నరు. ఎవ్వరు ఒక్క అబద్ధం ఆడలే.

ఎస్సై వరుస పొంటి ఒక్కొక్కని పేరు, అయ్య పేరు, పెండ్లాం పేరు అడుక్కుంట వచ్చిండు. ఆఖరుకు పూలమ్మ నిలబడ్డది. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత జాగ ఇడిసిపెట్టుకోని నిలబడ్డది. నేను చెప్పలే, ఆమెకే తోచింది.

"నీ మొగడేడి?" అన్నడు.

"నేను గూడ గదే అడగొచ్చిన" అన్నది.

ఆయన ఆ ఖాళీ జాగ దిక్కు సూసిండు. అంగడి సూస్తాంది. తిరిగి లోపటికి పోయిండు. ఆ రాత్రి ఇంటికి పోయినంక నేను ఏమన్న తిన్ననో లేదో యాదికి లేదు.

తెల్లారి పదకొండింటికి మోట రాజమల్లును హనుమకొండ కోర్టుకు తెచ్చిండ్రు. ముందటి సాయంత్రమే దొరికిండని పోలీసులు రాసిచ్చిండ్రు. దొర గడ్డివాము కాలపెట్టిండని కేసు. మీ సీనియర్ లేసి మాట్లాడిండు. అట్లని ఇంటికి వచ్చినట్టు గాదు, ఇప్పుడు వరంగల్ జైలుకు పోతడు. గని కోర్టు ఎరుకల ఉన్నడు, ఇగ మేం తేనే లేదని ఎవ్వడు అనలేడు.

ఇద్దరు పట్టుకుంటె నడిచిండు. పూలమ్మ తలుపు కాడనే నిలబడ్డది, దగ్గరికి రానియ్యలే. మేజిస్ట్రేటు పేరు అడిగిండు, చెప్పిండు. పోలీసులు ఏమన్న కొట్టిండ్రా అని అడిగిండు. అందరిని అడిగే మాటే అట, అందరు లేదు అనే చెప్తరట. ఎస్సై ఆయన భుజం పక్కనే నిలబడి ఉన్నడు. రాజమల్లు ఎస్సై దిక్కు సూసి, మళ్ళ మేజిస్ట్రేటు దిక్కు తిరిగిండు. నేను కింద రాళ్ళ దిక్కు సూసుకుంట నిలబడ్డ.

"కొట్టిండ్రు" అన్నడు.

మేజిస్ట్రేటు కలం ఆపి, ఏమన్నవ్ అని మళ్ళ అడిగిండు.

"కొట్టిండ్రు, దొరా. జనవరిసంది కొట్టిండ్రు."

మేజిస్ట్రేటు రాసుకున్నడు.

వాయిదా మే ఇరవై రెండు. నువ్వు ఆయన పక్కన నిలబడాలె. తొందరగ రా.

నీ మామ వెంకట్రాజం